మా మేడమ్ పేపర్లు ఎన్ని? 97 గంటల ప్రాజెక్టు డైరీ

మెదడులో జ్ఞాపకాలకు కీలకమైన హిప్పోకాంపస్ అనే భాగం మీద నలభై ఏళ్లు పనిచేసిన ఒక న్యూరోసైంటిస్టు ప్రచురణల జాబితా శుభ్రం చేసి, వాటి ప్రభావం ఒక పేజీలో చెప్పాలి. పని ఇంతే. ఆవిడ ల్యాబ్‌లో డేటా చూసుకునేది నేనే కాబట్టి నా నెత్తిన పడింది. రెండు రోజుల్లో అయిపోతుందనుకున్నాను, 97 గంటలు పట్టింది. సైటేషన్లు (ఒక పేపర్‌ని ఇతర పేపర్లు ఎన్నిసార్లు ఉటంకించాయో) లెక్కపెట్టడానికి అందులో 11 గంటలే సరిపోయాయి. ఎక్కువ సమయం తిన్నది "ఇది ఆవిడదా, కాదా" అన్న ప్రశ్న.

మేడమ్ పేరు ఇక్కడ రాయను. అంకెలన్నీ మా షీటులోవి.

దశ 1: ముడిసరుకు

వాడినవి: జొటేరో (రిఫరెన్సులు దాచుకునేది), ఓపెన్‌రిఫైన్ (డేటా శుభ్రం చేసేది), కాస్త పైథాన్, ఒక స్ప్రెడ్‌షీట్. ఐదు చోట్ల నుంచి లాగాను.

1. మేడమ్ సొంత సీవీ: 112
2. పబ్‌మెడ్‌లో (వైద్య, జీవశాస్త్ర పేపర్ల సూచిక) ఇంటిపేరు, ఇనిషియల్‌తో వెతికితే: 341
3. గూగుల్ స్కాలర్ ప్రొఫైల్: 203
4. స్కోపస్ (చందా కట్టి వాడే సైటేషన్ డేటాబేసు): 97, విడిపోయిన మరో రెండు ప్రొఫైళ్లలో 9, 4. మొత్తం 110
5. ఓపెన్‌అలెక్స్ (అందరికీ తెరిచిన సైటేషన్ డేటాబేసు): మూడు ఐడీల కింద 164

మొదటి తప్పు ఇక్కడే చేశాను. అన్నిటినీ స్ప్రెడ్‌షీట్‌లో నేరుగా తెరిచాను. పేజీ నంబర్లు "3-11" అని ఉన్నచోటల్లా అది తారీఖు అనుకుని నవంబరో, మార్చో చేసి పెట్టింది. ఆర్కిడ్ (ఒక్కో పరిశోధకుడికి ఇచ్చే గుర్తింపు) నంబరు 16 అంకెలు. గీతలు తీసేసి అతికిస్తే చివరి అంకె సున్నా అయిపోయింది, ఎందుకంటే ఎక్సెల్ 15 అంకెలకు మించి గుర్తుపెట్టుకోదు. రెండు గంటల తర్వాత గానీ చూసుకోలేదు. మళ్లీ మొదటి నుంచి లాగి, ఈసారి ప్రతి కాలమ్‌నీ "టెక్స్ట్" అని ముందే చెప్పి తెరిచాను.

ముడి ఫైళ్లు ఒక ఫోల్డర్‌లో తేదీ వేసి తాళం పెట్టండి. వాటిని ముట్టుకోవద్దు, పనంతా కాపీ మీదే. ఇది నాకు తర్వాత మూడుసార్లు అక్కరకొచ్చింది.

*ఇప్పటివరకు: 930 వరుసలు, 5 గంటలు.*

దశ 2: డూప్లికేట్లు

930లో డీవోఐ (ఒక్కో పేపర్‌కి ఇచ్చే శాశ్వత గుర్తింపు) ఉన్నవి 782, లేనివి 148. డీవోఐ ఉన్నవాటిని కలిపితే 467 వచ్చాయి. అది మరీ ఎక్కువ అనిపించి చూస్తే, ఒకే పేపర్ డీవోఐ ఒకచోట పెద్ద అక్షరాల్లో, ఇంకోచోట చిన్న అక్షరాల్లో, మరోచోట ముందు వెబ్ చిరునామాతో సహా ఉంది. చేసినవి:

1. ముందున్న వెబ్ చిరునామా భాగం కత్తిరించడం.
2. అన్నీ చిన్న అక్షరాల్లోకి మార్చడం. పెద్దా చిన్నా తేడా డీవోఐకి లేదు, పైథాన్‌కి ఉంది.
3. చివర అంటుకున్న చుక్కలు, కామాలు గీకెయ్యడం.

467 కాస్తా 388 అయింది.

డీవోఐ లేని 148 దగ్గర శీర్షికలు పోల్చక తప్పలేదు. న్యూరోసైన్స్ శీర్షికలు ఈ పనికి పరమ శత్రువులు. "థీటా రిథమ్" ఒకచోట గ్రీకు అక్షరంతో, ఇంకోచోట ఇంగ్లిష్ స్పెల్లింగుతో ఉంటుంది. కాల్షియం అయాన్ మీద ప్లస్ గుర్తు పైకెక్కి ఒకచోట, కిందకి దిగి ఒకచోట. డీవోఐలు నమోదు చేసే క్రాస్‌రెఫ్ నుంచి వచ్చిన శీర్షికల్లో ఇటాలిక్ ట్యాగులు అలాగే మిగిలిపోతాయి. ఇవన్నీ ఒక దారికి తెచ్చాక, 90 శాతం పోలిక ఉంటే ఒకటే అనుకోమని చెప్పాను.

అది తప్పని రెండో రోజు తేలింది. "భాగం 1", "భాగం 2" అని వరసగా వచ్చిన జంటలు కలిసిపోయాయి. కాన్ఫరెన్స్ అబ్‌స్ట్రాక్ట్, రెండేళ్ల తర్వాత అదే శీర్షికతో వచ్చిన పూర్తి పేపర్ కూడా ఒకటైపోయాయి. తప్పుగా అతుక్కున్నవి 9 జంటలు. ముడి ఫైళ్లలో రెండూ విడివిడిగా ఉన్నాయి కాబట్టి దొరికాయి, లేకపోతే నాకు తెలిసేదే కాదు. ఈ రంగంలో ఇది అరుదేమీ కాదు. హాడ్జ్‌కిన్, హక్స్‌లీ అనే శాస్త్రవేత్తలు 1952లో స్క్విడ్ ఆక్సాన్ (నాడీకణం పోగు) మీద ఒకే జర్నల్‌లో పేపర్లు వరుసపెట్టి అచ్చేశారు, వాటి శీర్షికలు కూడా ఒకదాన్నొకటి పోలి ఉంటాయి.

మార్చింది: 95 శాతం పోలిక, మొదటి రచయిత ఒకరే కావడం, సంవత్సరం తేడా ఒకటికి మించకపోవడం, మొదటి పేజీ నంబరు ఒకటే కావడం. నాలుగూ కుదిరితేనే కలపాలి. యాదృచ్ఛికంగా 60 తీసి చూస్తే తప్పుగా కలిసినవి లేవు. కలవాల్సినవి 4 మిగిలిపోతే చేత్తో కలిపాను. 148లో 61 డీవోఐ ఉన్న పేపర్లలో కలిశాయి, 32 వాటిలో వాటికే డూప్లికేట్లు, 55 మిగిలాయి.

*ఇప్పటివరకు: 388 + 55 = 443 వరుసలు, 19 గంటలు.*

దశ 3: ఇవన్నీ ఆవిడవేనా?

కావు. అదే ఇంటిపేరు, అదే ఇనిషియల్ ఉన్న జీర్ణకోశ వైద్యుడొకరు ఉన్నారు. ఆయన్ని తప్పించడం తేలిక, పేగుల మాట వస్తే చాలు. ఇబ్బంది రెండో ఆయనతో. అదే పేరు, పైగా హిప్పోకాంపస్సే. ఈయన మనుషుల ఎంఆర్ఐ చేస్తారు, మా మేడమ్ ఎలుకల మెదడులో ఎలక్ట్రోడ్లు పెడతారు. యంత్రానికి ఇద్దరూ ఒకటే.

నా మొదటి నియమం: పబ్‌మెడ్ విషయసూచిక పదాల్లో "హిప్పోకాంపస్" ఉంటే మేడమ్‌ది. ఫలితం ఘోరం. ఎంఆర్ఐ ఆయనవి 46 లోపలికొచ్చాయి, వెన్నుపాము మీద మేడమ్ తొలి రోజుల్లో రాసినవి బయటికి పోయాయి.

చిరునామాతో తేల్చుదామంటే అదీ కుదరలేదు. 2014కు ముందు పబ్‌మెడ్ రికార్డుల్లో సాధారణంగా మొదటి రచయిత చిరునామా ఒక్కటే ఉంటుంది. ల్యాబ్ పెద్దలు చివర్లో ఉంటారు కదా, వాళ్ల చిరునామా కనిపించదు. 2002కు ముందువాటిలో పూర్తి పేరు కూడా ఉండదు, ఇనిషియల్సే. 1984 నుంచి 1995 వరకు పది మందికి మించి రచయితల్ని ఎక్కించలేదు కూడా. పన్నెండు మంది రాసిన 1991 పేపర్ ఒకదాంట్లో మేడమ్ పన్నెండో పేరు. పబ్‌మెడ్‌లో పేరుతో వెతికితే అది ఎందుకు రాలేదో అర్థం కావడానికి నాకు ఒక సాయంత్రం పట్టింది.

చివరికి మార్కులు వేసే పద్ధతికి వచ్చాను:

1. పేపర్‌లో ఆవిడ ఆర్కిడ్ ఉంటే +5. ఆర్కిడ్ మొదలైందే 2012లో కాబట్టి పాతవాటికి ఇది పనికిరాదు.
2. ఆవిడ పనిచేసిన నాలుగు సంస్థల్లో ఒకటి ఉంటే +3.
3. ఇప్పటికే ఖాయమైన పేపర్లలోని సహరచయితలు ఇద్దరున్నా +3.
4. ఎలుకలు, సింగిల్ యూనిట్ రికార్డింగ్ (ఒక్కో నాడీకణం సంకేతాన్ని పట్టడం) లాంటి మాటలుంటే +1.
5. మనుషుల ఎంఆర్ఐ ఉంటే −2.

5, ఆపైన వస్తే లోపలికి. సున్నా, అంతకంటే తక్కువ వస్తే బయటికి. మధ్యలో 83 మిగిలాయి. వాటికి పీడీఎఫ్ తెరిచి కళ్లతో చూడటమే, వేరే దారి లేదు. ఈ దశకు పట్టిన 38 గంటల్లో 20 గంటలకు పైగా దీనికే పోయాయి.

ఒక చిట్కా మాత్రం బాగా కలిసొచ్చింది. ఫంక్షనల్ ఎంఆర్ఐకి ఆధారమైన బోల్డ్ సిగ్నల్ (మెదడు రక్తంలో ఆక్సిజన్ మార్పును చూపేది) గురించి సెయిజీ ఒగావా బృందం పేపర్ వచ్చింది 1990లో. కాబట్టి అంతకుముందు హిప్పోకాంపస్ మీద వచ్చిన పేపర్ ఫంక్షనల్ ఎంఆర్ఐ ఆయనది అయ్యే ప్రసక్తే లేదు. ఈ ఒక్క తేదీతో 19 పేపర్లు తేలిపోయాయి. మీరు ఎవరి జాబితా చేస్తున్నా, ఆ రంగంలో ఏ పరికరం ఎప్పుడొచ్చిందో ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి.

సహరచయితల నియమం రెండుచోట్ల మోసం చేసింది. మేడమ్ పాత విద్యార్థి ఒకరు తర్వాత ఎంఆర్ఐ ఆయనతో కలిసి రాశారు. మేడమే చూసి, "ఇవి నావి కావు, నాకీ స్కానర్ ఆన్ చేయడం కూడా రాదు" అని కొట్టేశారు.

తీసేసినవి: జీర్ణకోశం 158, ఎంఆర్ఐ 71, ఇతరులవి 37.

*ఇప్పటివరకు: 443 − 266 = 177 వరుసలు, 57 గంటలు.*

దశ 4: "పేపర్" అంటే ఏది?

177నీ చూసి రకాలుగా విడదీశాను. పరిశోధన పేపర్లు 88, రివ్యూలు 17, పుస్తకాల్లో అధ్యాయాలు 14, లేఖలు, వ్యాఖ్యలు 8, ప్రిప్రింట్లు 7 (సమీక్షకు ముందే బయటపెట్టినవి, అన్నీ తర్వాత జర్నల్లో వచ్చినవే), కరెక్షన్లు 4, కాన్ఫరెన్స్ అబ్‌స్ట్రాక్టులు 39.

అసలు జాబితా అంటే మొదటి రెండూ: 88 + 17 = 105. మిగతావి విడిగా. ఏ నియమం పెట్టుకున్నా ఫర్వాలేదు గానీ, అది జాబితా పైన రాసి ఉండాలి.

సీవీలో 112 ఉన్నాయి కదా. అందులో ఈ రెండు రకాలవి 99, అధ్యాయాలు 9, రెండుసార్లు ఎక్కినవి 4 ("అచ్చులో ఉంది" అని ఒకసారి, అచ్చయ్యాక మళ్లీ). అంటే ఆరు పేపర్లు, ఐదు అధ్యాయాలు మేడమే మర్చిపోయారు. ఒకదాన్ని చూపిస్తే కళ్లద్దాలు సర్దుకుని, "ఇది నేను రాశానా!" అన్నారు. రాశారు, మూడో పేరు.

*ఇప్పటివరకు: 105 పేపర్లు, 66 గంటలు.*

దశ 5: సైటేషన్లు

ఒకే రోజు, ఒకే జాబితా మీద మూడు చోట్ల లెక్క తీశాను. రోజు మారితే అంకె మారుతుంది, అందుకే పట్టికలో తేదీ కాలమ్ తప్పనిసరి.

హెచ్-ఇండెక్స్ తెలియనివారికి: కనీసం హెచ్ సైటేషన్లు వచ్చిన పేపర్లు హెచ్ సంఖ్యలో ఉంటే అదే ఆ అంకె. జోర్గె హిర్ష్ అనే భౌతికశాస్త్రవేత్త 2005లో పెట్టిన కొలత.

శుభ్రం చేయకముందు గూగుల్ స్కాలర్ ప్రొఫైల్‌లో 203 పేపర్లకు ఉన్న హెచ్ 47. 105కి కుదించి నా స్క్రిప్టుతో లెక్కిస్తే 39 వచ్చింది. అదీ తప్పే. 38వ పేపర్‌కి 38, 39వ పేపర్‌కీ 38 సైటేషన్లు ఉన్నాయి. పైథాన్ వరుసల్ని సున్నా నుంచి లెక్కపెడుతుంది కాబట్టి 39వ పేపర్ దానికి 38వది. నిజానికి హెచ్ 38. చివర్లో హెచ్ తేలేచోట నాలుగు వరుసలైనా వేళ్ల మీద లెక్కపెట్టి చూడండి.

47 నుంచి 38కి పడటం మేడమ్‌కి ఎలా చెప్పాలా అని ఒక పూట ఆలోచించాను. చెబితే, "పోయిన తొమ్మిదీ ఆ ఎంఆర్ఐ ఆయనవేగా, ఆయనకి పంపించు" అన్నారు.

స్కోపస్ దగ్గర వేరే తేడా. విడిపోయిన ప్రొఫైళ్లు కలిపాక కూడా సైటేషన్లు 3,502, హెచ్ 33. ఓపెన్‌అలెక్స్‌తో పోలిస్తే మరీ తక్కువ. పేపర్ల వారీగా పక్కపక్కన పెడితే, ఎలక్ట్రోడ్ తయారీ గురించి ఆవిడ 1986లో రాసిన పేపర్ ఆ ప్రొఫైల్‌లో లేనేలేదు. పెళ్లికి ముందు పేరుతో రాశారు. అలాంటివి ఐదు. సీవీలో ఉన్నాయి కాబట్టి నా జాబితాలోకి ఎప్పుడో వచ్చేశాయి, అందుకే లోటు కనబడలేదు. స్కోపస్‌లో మాత్రం అవి ఎవరో వేరే ఆవిడవి. ఆ ఐదింటి సైటేషన్లు: 548, 92, 41, 19, 8. మొత్తం 708.

కలిపాక స్కోపస్ లెక్క 4,210. హెచ్ 33 నుంచి 34. ఏడు వందల సైటేషన్లు వచ్చి చేరితే హెచ్ కదిలింది ఒక్క మెట్టు. 548 వచ్చిన పేపరైనా, 41 వచ్చిన పేపరైనా దాని కళ్లకు ఒకటే. ఆవిడ జీవితంలో అందరూ వాడిన పని అదొక్కటే అనుకున్నా, హెచ్ దాన్ని దాదాపు పట్టించుకోదు. నివేదికలో హెచ్‌ని మొదటి వరుస నుంచి కిందకి దించింది ఈ సాయంత్రమే.

105 పేపర్ల తుది పట్టిక:

1. గూగుల్ స్కాలర్: 5,740, హెచ్ 38
2. ఓపెన్‌అలెక్స్: 4,630, హెచ్ 35
3. స్కోపస్: 4,210, హెచ్ 34

ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. స్కాలర్ థీసిస్‌లు, పుస్తకాలు, ప్రిప్రింట్లు అన్నీ ఏరుకుంటుంది, స్కోపస్ తాను ఎంచుకున్న జర్నళ్లు, పుస్తకాలు మాత్రం చూస్తుంది. మూడూ ఇచ్చాను. ఒకటే ఇవ్వాల్సి వస్తే ఓపెన్‌అలెక్స్ ఇస్తాను. అది మంచిదని కాదు, డేటా ఎవరైనా దించుకుని నా లెక్క తప్పో ఒప్పో చూడొచ్చని.

ఓపెన్‌అలెక్స్ లెక్కలో సొంత సైటేషన్లు కూడా తీశాను. మేడమ్ తన పేపర్లను తానే ఉటంకించినవి 388 (8.4 శాతం). సహరచయితల్లో ఎవరు ఉటంకించినా "సొంతం" అనుకుంటే 741 (16.0 శాతం). ఏ నిర్వచనమో రాయకుండా సొంత సైటేషన్ల శాతం ఇస్తే, అది రెట్టింపో సగమో ఎవరికీ తెలియదు.

*ఇప్పటివరకు: 105 పేపర్లు, మూడు లెక్కలు, 77 గంటలు.*

దశ 6: పట్టికలోంచి తీసేసినవి

మొదటి చిత్తులో సగటు ఉంది: 4,630 / 105 = 44.1. మధ్యస్థం (వరసగా పేరిస్తే సరిగ్గా మధ్యలో పడే అంకె) చూస్తే 19. పై ఐదు పేపర్లే 1,702, అంటే 36.8 శాతం. ఇలాంటి చోట సగటు ఏ పేపర్ గురించీ చెప్పదు. తీసేశాను. మధ్యస్థం, పై ఐదింటి వాటా ఉంచాను.

జర్నల్ ఇంపాక్ట్ ఫ్యాక్టర్ కాలమ్ కూడా ఉండేది. ఒక జర్నల్ గత రెండేళ్లలో వేసిన వాటికి ఈ ఏడాది వచ్చిన సైటేషన్ల సగటు అది. జర్నల్ గురించిన అంకె, పేపర్ గురించి కాదు. పరిశోధకుల్ని దీనితో తూచవద్దని 2012లో శాన్‌ఫ్రాన్సిస్కోలో మొదలైన డోరా ప్రకటన గట్టిగానే చెప్పింది. నాకు ఆ వాదన కంటే మా సొంత గ్రాఫే ఎక్కువ నచ్చజెప్పింది. 1986 ఎలక్ట్రోడ్ పేపర్‌కి మొదటి మూడేళ్లలో సైటేషన్లు పది కూడా దాటలేదు. రెండేళ్ల కిటికీలోంచి చూస్తే అది చచ్చిన పేపరే. ప్లేస్ సెల్స్ (జంతువు ఎక్కడుందో చెప్పే మెదడు కణాలు) గురించి జాన్ ఓకీఫ్, జొనాథన్ దోస్త్రోవ్‌స్కీ 1971లో వేసిన చిన్న పేపర్ ఐదు పేజీలు, శీర్షికలోనే "ప్రాథమిక ఆధారాలు" అని ఉంటుంది. ఓకీఫ్‌కి నోబెల్ వచ్చింది 2014లో.

ఇంపాక్ట్ ఫ్యాక్టర్ బదులు రిలేటివ్ సైటేషన్ రేషియో చేర్చాను. అమెరికా ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఎన్ఐహెచ్ వారి ఐసైట్ అనే వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. ఒక పేపర్‌ని దానితో కలిపి ఉటంకించే పేపర్ల రంగంతో పోలుస్తుంది, 1.0 అంటే ఎన్ఐహెచ్ నిధులతో వచ్చిన పేపర్ల మధ్యస్థం. పబ్‌మెడ్‌లో ఉన్నవాటికే వస్తుంది, మా 105లో 96. మిగతా 9 గళ్లు ఖాళీగానే వదిలాను. మొదట సున్నా పెట్టి మధ్యస్థాన్ని పాడుచేసుకున్నాను. ఖాళీ వేరు, సున్నా వేరు.

*ఇప్పటివరకు: 85 గంటలు.*

దశ 7: అంకెల్లోకి రానివి

పేరు ఎక్కడుందో చూశాను: మొదటి పేరు 14, చివరి పేరు 61, మధ్యలో 30. ఈ రంగంలో చివరి పేరు సాధారణంగా ల్యాబ్ నడిపేవారిది. "సమాన కృషి" అన్న నక్షత్రం గుర్తులు డేటాబేసుల్లో ఉండవు, పీడీఎఫ్‌లో వెతికి పట్టుకోవాలి.

రిట్రాక్షన్ల (జర్నల్ వెనక్కి తీసుకున్న పేపర్ల) తనిఖీ సులువు. వాటి జాబితా ఉంచే రిట్రాక్షన్ వాచ్ డేటాని 2023లో క్రాస్‌రెఫ్ కొనేసి అందరికీ తెరిచింది. డీవోఐలు పోల్చితే మేడమ్‌వి ఒక్కటీ లేవు. ఆవిడ రివ్యూల్లో ఒకటి మాత్రం, అల్జీమర్స్‌లో అమిలాయిడ్ అనే ప్రోటీన్ ప్రత్యేక రూపం ఒకదాని గురించి 2006లో నేచర్‌లో వచ్చి 2024లో వెనక్కి తీసుకున్న పేపర్‌ని ఉటంకించింది. ఆ పేపర్‌కి సైటేషన్లు రెండు వేలకు పైనే, వెనక్కి తీసుకున్నాక కూడా ఆ లెక్క అలాగే ఉంటుంది. సైటేషన్ అంటే మెచ్చుకోలు అనుకునేవారికి చూపించడానికి బాగుంటుంది.

ఎక్కువ సమయం ఎలక్ట్రోడ్ మీదే పెట్టాను. పబ్‌మెడ్ సెంట్రల్‌లో పూర్తి పాఠాలు వెతికి, పద్ధతుల విభాగంలో ఆవిడ డిజైన్ వాడామని రాసినవి 43 పట్టుకున్నాను. అందులో 12 అసలు పేపర్‌ని ఉటంకించనేలేదు. ఫలానా ల్యాబ్ పద్ధతి ప్రకారం చేశాం అని ఒక్క ముక్క, అంతే. ఏ సైటేషన్ లెక్కలోనూ ఈ 12 లేవు. వాటిని విడిగా ఒక పేరాలో రాశాను. ఒక పేజీ నివేదికలో అందరూ చదివేది ఆ పేరానే.

*మొత్తం: 105 పేపర్లు, 97 గంటలు.*

తర్వాత: రెండు నెలలకు మళ్లీ నడిపితే

అదే స్క్రిప్టు, అదే జాబితా. స్కాలర్‌లో తొలగించిన పేపర్లలో 11 తిరిగి వచ్చి కూర్చున్నాయి. ఆటోమేటిక్ చేర్పులు ఆపడం మర్చిపోయాను. సెట్టింగ్స్‌లో "అడిగి చేర్చు" అని మార్చాను. ఆర్కిడ్‌లో మేడమ్ పాత పేరు కూడా చేర్చాం, ఐదు పేపర్లూ అక్కడ అతికాయి. స్కోపస్‌లో పాత పేరు ప్రొఫైల్ కలిసిపోయింది. ఓపెన్‌అలెక్స్‌లో మూడు ఐడీలు రెండయ్యాయి. మిగిలిన ఆ రెండో ఐడీలో ఇప్పటికీ నాలుగు పేగు పేపర్లు, ఒక ఎలక్ట్రోడ్ పేపర్ కలిసి ఉన్నాయి. సవరణ ఫారం పంపాను. జవాబు రావాలి.